మీ ఇంటర్ ఫారంలో గ్రూపు గడి నింపింది ఎవరు?

బెంచీ_మూడు
మొన్న ఆదివారం మా జడ్పీ హైస్కూలు 2000 టెన్త్ బ్యాచ్ వాళ్లం కలిశాం. పాతికేళ్లయింది. షామియానా, ఫ్లెక్సీ, మాస్టార్లకు శాలువాలు, పులిహోర, బూందీ... అన్నీ మామూలే. నా పక్క బెంచీవాడు ఊళ్లోనే వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. భోజనాలయ్యాక చెయ్యి పట్టుకుని స్కూలు గేటు దగ్గరికి లాక్కెళ్లాడు. "ఇది నేను చేసిందేరా" అన్నాడు. గేటు పైన కడ్డీలు వంచి సరస్వతీదేవిని కూడా పెట్టాడు. వీణ కాస్త సొరకాయలా వచ్చింది, అది వేరే సంగతి. తర్వాత అడిగాడు, ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకుందామనే: "నువ్వు చేసినవాటిల్లో ఒకటి చూపించరా."

ఫోను తీశాను. ఏం చూపించను? పందొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో టెస్టింగ్ చేస్తున్నా. ఎవరో చేసినదాంట్లో తప్పులు వెతకడం నా పని. నేను వెతికిన వాటిల్లో సగం అప్లికేషన్లు ఇప్పుడు లేనే లేవు. ఏమీ తోచక మా అపార్ట్‌మెంట్ ఫొటో చూపించా. "బాగుందిరా, ఎవరు కట్టారు?" అన్నాడు.

తిరుగు బస్సులో ఒకటే గుర్తొస్తోంది. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు. నాన్న గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాకు 600కి 487. షాపాయన తలెత్తకుండా "లెక్కల్లో ఎన్ని బాబూ?" అన్నాడు. 88 అన్నాను. గ్రూపు గడిలో ఎంపీసీ అని రాసేశాడు. రెండు రూపాయలు తీసుకున్నాడు. నా జీవితానికి కట్టిన కన్సల్టెన్సీ ఫీజు మొత్తం అదే.

ఇప్పుడెందుకంటే, మా అమ్మాయిది టెన్త్ అయిపోయింది. కాలేజీ ఫారం టేబుల్ మీద ఉంది. తను సీఈసీ, అదే కామర్స్ గ్రూపు, అంటోంది. నిన్న రాత్రి నేనే పెన్ను తీసి పేరు, ఊరు, ఆధార్ నంబరు నింపుతూ వచ్చా. గ్రూపు గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే "ఎం" అని రాసేసింది. అక్కడ ఆపేశా. ఫారం అలాగే ఉంది.

మీ ఫారంలో ఆ గడి నింపింది ఎవరు? ఆ తర్వాత ఏమైంది?

డల్లాస్_దోసె
జిరాక్స్ షాపాయన! మన తరానికి అసలైన కెరీర్ కౌన్సెలర్ ఆయనే. నాది మా బావ నింపాడు. ఆయన బైపీసీ తీసుకుని ఫెయిలయ్యాడు కాబట్టి నన్ను ఎంపీసీ తీసుకోమన్నాడు. ఆ తర్కం ఇప్పటికీ అర్థం కాలేదు కానీ డల్లాస్ దాకా మోసుకొచ్చింది.

ఓరుగల్లు_పోరడు
నాది మా బాపు. "మనింట్ల ఒక్కడన్న ఇంజినీరు గావాలె" అన్నడు. అయిన. ఇప్పుడు ఇంట్ల ఫ్యాను తిరుగకుంటే నాకే ఫోన్ జేస్తడు. బాపూ నేను సివిల్ అంటే, "మరి గోడకు పగులొచ్చింది, అదన్న జూడు" అంటడు.

లెక్కల_మాస్టారు
ముప్ఫై ఒక్కేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. జిరాక్స్ షాపాయన్ని ఏమీ అనకండి. మేం చెయ్యాల్సిన పని ఆయన చేశాడు.

మా కాలంలో ఇది ఎలా మొదలైందో చెబుతా. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకు ఎంసెట్ వచ్చింది 1986లో. మొదట్లో మా మండలం మొత్తంలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో ఇంజినీరింగ్ సీటొచ్చేది. ఆ కుర్రాడు సెలవులకొస్తే టీకొట్టు దగ్గర లేచి చోటిచ్చేవాళ్లు. తర్వాత ప్రైవేటు కాలేజీలు ఊరికొకటి లేచాయి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ఇక చెప్పక్కర్లేదు, బీటెక్ చదవనివాడే వింత. ఆ ఊపులో మేం కూడా లెక్కల్లో 80 దాటిన ప్రతివాడికీ ఎంపీసీ అనే చెప్పాం. చెప్పడమేమిటి, టీసీ చేతికిస్తూ నేనే అనేవాణ్ణి.

ఒక కుర్రాడుండేవాడు. లెక్కల్లో 92. కానీ వాడి సైన్సు రికార్డు చూడాలి. కప్ప గుండె గీస్తే కొట్టుకుంటుందేమో అనిపించేది. మందార పువ్వు నిలువుకోత వేస్తే మా సైన్సు టీచరు దాన్ని గోడకు అంటించి, మూడేళ్లు తియ్యలేదు. వాడు బైపీసీ అంటే నేనే "92 పెట్టుకుని బైపీసీ ఏమిట్రా" అని గదమాయించా. సెకండియర్‌లో పోయింది. ఆ తర్వాత చదవలేదు. ఇప్పటికీ సంతలో కనిపిస్తే సంచీ కింద పెట్టి మరీ నమస్కారం పెడతాడు. నాకే తలెత్తి చూడాలనిపించదు.

బెంచీ_మూడు
మాస్టారూ, మీరు ఇలా రాయడం... మా లెక్కల సారు మొన్న వచ్చారు, శాలువా కప్పుతుంటే "ఎంత జీతంరా?" అనే అడిగారు.

లెక్కల_మాస్టారు
మాకు మీరు చేసే పనులు అర్థం కావు నాయనా. జీతం అంకె కాబట్టి అర్థమవుతుంది.

పలకా_బలపం
మగపిల్లలందరికీ నింపడానికి గడైనా ఉంది. నా గ్రూపు నిర్ణయించింది ఆర్టీసీ బస్సు. మా ఊరి బస్సు ఏ కాలేజీ ముందు ఆగితే ఆ కాలేజీ, అక్కడ ఏ గ్రూపులో ఆడపిల్లలు ఎక్కువుంటే ఆ గ్రూపు. అలా సీఈసీ. సాయంత్రం ఐదున్నర బస్సు తప్పితే మర్నాటి నుంచి చదువు బంద్ అని మా అమ్మ షరతు. రెండేళ్లలో ఒక్కసారి తప్పింది. లారీ ఎక్కి ఇంటికొచ్చి బస్సులోనే వచ్చానని చెప్పా. మా అమ్మకు ఇప్పటికీ తెలీదు.

మాది మార్కాపురం పక్క. పలకల ఊరు. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాయి పొరలు చీల్చి, కోసి, అంచులు రుద్ది, చెక్క ఫ్రేములో బిగించేవాళ్లు. ఇంటికొస్తే కనుబొమల దాకా బూడిదరంగు దుమ్ము. సంతకం తప్ప ఒక్క అక్షరం రాని మనిషి, ఎన్ని వేల మంది అఆలు దిద్దిన పలకలు ఆయన చేతిమీదుగా పోయాయో. పగిలిన ముక్కలు ఇంటికి తెచ్చేవాడు. నేను, చెల్లి గచ్చు మీద కూర్చుని వాటి మీదే కూడికలు చేసేవాళ్లం. మాకు మొత్తం పలక ఎప్పుడూ లేదు.

ఇప్పుడు ఒంగోల్లో నాది సొంత అకౌంట్స్ ఆఫీసు. జీఎస్టీ, ఐటీ రిటర్నులు. ముగ్గురమ్మాయిలు పనిచేస్తున్నారు. సీఈసీ అంటే మొహం అలా పెట్టకండి అన్నా, మీ అమ్మాయి బతుకుతుంది.

డల్లాస్_దోసె
పలక అనగానే దొండాకు వాసనొచ్చింది నాకు. దొండాకు, బొగ్గు కలిపి రుద్దితే నల్లగా నిగనిగలాడేది.

ఓరుగల్లు_పోరడు
దొండాకు ఎవని దొడ్లె తెంపినవ్ అన్నది ముచ్చట. మేమైతే ఉమ్మి, మోచెయ్యి.

సీమటపాకాయ్
మోచేతులు రోజంతా తెల్లగుండేవి. బలపాలు తినేటోళ్లు ఎంతమంది ఉండారో చేతులెత్తండబ్బా.

డల్లాస్_దోసె
✋

పలకా_బలపం
✋ తెల్లది. నల్లది బాగుండదు.

ఆర్గాన్_6జీ
మొదటి పోస్టులో వెల్డింగ్ షాపు ఫ్రెండు కత చదివి నలుగురు లైకులు కొట్టారు. నేనూ వెల్డరునే, కాబట్టి కొంచెం సెప్పాలి. మాది గాజువాక.

నాకు గ్రూపు గడి లేదండి, ట్రేడు గడి. ఐటీఐకి ఎల్తే ఎలక్ట్రీషియన్ నిండిపోయింది, ఫిట్టరుంది అన్నారు. సరే ఫిట్టరు. తర్వాత సైటులో ఒక పెద్దాయన పక్కన హెల్పరుగా ఉండి వెల్డింగు నేర్సుకున్నాను. 6జీ అంటే ఏటో తెలుసా? గొట్టాన్ని నలభై ఐదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించేస్తారు. గొట్టం తిరగదు, నువ్వే దాని సుట్టూ తిరగాలి. కింద నుంచి మొదలెట్టి, వంగి, పక్కకి వాలి, ఆఖరికి నిలబడి ముగించాలి. రూటు, అంటే లోపలి మొదటి పొర, ఆర్గాన్‌తో, పైన 7018 రాడ్డుతో. ఆ తర్వాత ఎక్స్‌రే తీస్తారు. లోపల ఆవగింజంత బుడగ కనిపించినా కొట్టేస్తారు.

సరిగ్గా పడుతున్నప్పుడు సప్పుడే సెబుతాది, నూనెలో అప్పడం ఏగుతున్నట్టు. సల్లారాక సుత్తితో ఇలా ఒక్కటి తడితే పైన స్లాగు, అదే పెంకు, తోకలాగ లేచి వచ్చేస్తాది. కింద వెల్డింగు గీత, సేప పొలుసుల్లాగ వరసగా. అది సూసినప్పుడు మాత్రం, నిజం సెబుతున్నాను, జీతం గుర్తురాదు.

కానీ ఇనండి. గల్ఫులో పదకొండేళ్లు ఏసిన జాయింట్లు ఇప్పుడు ఎవడికీ కనిపించవు. ఎక్స్‌రే పాసవ్వగానే పైన ఇన్సులేషన్ సుట్టేసి రేకు తొడిగేస్తారు. మీ ఫ్రెండు గేటు కనిపిస్తాది కాబట్టి సూపించాడు. నా పని కనిపించిందంటే అర్థం అది లీకైందని. మీ టెస్టింగూ అలాంటిదే కదండీ? తప్పు దొరికితేనే మీరున్నట్టు తెలుస్తాది.

ఇంకోటి. ఆర్కు ఎలుగు కళ్లకి కొట్టిన రాత్రి కళ్లల్లో ఇసక పోసి రుద్దినట్టుంటాది. తలగడ తడిసిపోద్ది. నాకు నలభై మూడు, మోకాళ్లకి అరవై. చేతిపని చేతిపని అని కవిత్వం సెప్పేవోళ్లు ప్లాంటు ఆపి రిపేర్లు సేసే ఒక్క షటౌన్ సీజన్ సేసి సెప్పాలి.

బెంచీ_మూడు
"నా పని కనిపించిందంటే అర్థం అది లీకైందని." అన్నా, ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశా. మా టీమ్ గ్రూపులో పెట్టుకోవచ్చా?

ఆర్గాన్_6జీ
పెట్టుకోండి. రెండు రూపాయలు.

కుండబద్దలు
అందరూ తెగ కరిగిపోతున్నారు, నేనొక్కణ్ణి చెడ్డవాణ్ణవుతా. అన్నా, ఎంపీసీ చదివినవాడు తర్వాత బీకామ్‌లో చేరొచ్చు, లా చదవొచ్చు, గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలు రాయొచ్చు. సీఈసీ చదివిన పిల్ల రేపు మనసు మార్చుకుంటే బీటెక్‌లో చేరలేదు. పదిహేనేళ్ల పిల్లకు తలుపులన్నీ తెరిచి ఉంచే గ్రూపు ఏదో చూడండి. నాకు మా నాన్న తిట్టి ఎంపీసీ ఇప్పించాడు. ఆ రోజు ఏడ్చా. ఇవాళ నా ఈఎంఐలన్నీ ఆయన తిట్ల మీదే నడుస్తున్నాయి.

పలకా_బలపం
తలుపులు తెరిచి ఉన్నాయన్నది కాగితం మీద మాట. ఇష్టం లేని లెక్కలతో రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెడితే, ఆ తలుపుల దాకా నడిచే ఓపిక ఉంటుందా? మాస్టారు చెప్పిన కప్ప గుండె కుర్రాడికీ తలుపులన్నీ తెరిచే ఉన్నాయి మరి.

సీఈసీ నుంచి దారుల్లేవన్నట్టు రాశారు కదా. ఇంటర్ అవగానే సీఏ ఫౌండేషన్ రాయొచ్చు. ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర శిక్షణ) మూడేళ్లుండేది, 2023 నుంచి రెండేళ్లే. లా అంటారా, ఇంటర్ ఏ గ్రూపైనా లాసెట్ రాసి ఐదేళ్ల కోర్సులో చేరొచ్చు. ఒక్కటి మాత్రం మీతో ఒప్పుకుంటా: లెక్కలంటే భయం లేకపోతే ఎంఈసీ ఇంకా మేలు. సీఏకి వెళ్లేవాళ్లు చాలామంది అదే తీసుకుంటారు. మా ఊరి బస్సు ఎంఈసీ ముందు ఆగలేదు, అంతే.

కుండబద్దలు
కప్ప కుర్రాణ్ణి మధ్యలోకి లాగడం అన్యాయం. ఒక్క కేసు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
రెండో కేసు నేను. ఇటువైపు నుంచి.

బైపీసీ గడి నేనే నింపుకున్నా, సొంత చేత్తో, పెద్ద అక్షరాలతో. డాక్టరవ్వాలని. ఎంసెట్ రెండుసార్లు రాశా, రాలేదు. మూడోసారి రాయించే స్తోమత ఇంట్లో లేదు. జీఎన్ఎం నర్సింగులో చేరా. మొదటి ఏడాదంతా బెడ్‌పాన్ ఎత్తుతూ మనసులో ఎంసెట్ ర్యాంకు లెక్కపెట్టుకునేదాన్ని.

మూడో ఏడాది ఒకరాత్రి ఒక ముసలమ్మను తెచ్చారు. ఒంట్లో నీళ్లన్నీ పోయి నరం అందడం లేదు. ఇద్దరు ప్రయత్నించారు, నీలం మచ్చలు తప్ప ఏమీ లేదు. నేను చెయ్యి పట్టుకుని, వేడినీళ్ల గుడ్డ చుట్టి, మంచం కిందికి వేలాడదీసి కాసేపు ఊరికే మాట్లాడుతూ కూర్చున్నా. ఏ ఊరమ్మా, ఎంతమంది పిల్లలు అని. వేలికొసతో తడుముతుంటే బొటనవేలి పక్కన చిన్న స్ప్రింగులా తగిలింది. కంటికి కనిపించదు, వేలికే. సూది దిగింది, రక్తం కనిపించింది. ఆవిడ "అయిపోయిందా? నొప్పే తెలీలేదు బంగారూ" అంది. ఆ తర్వాత ర్యాంకు గుర్తురాలేదు. అబద్ధమెందుకు, ఇంక్రిమెంటు రానప్పుడు గుర్తొస్తుంది.

సొంతంగా నింపుకున్నా గడి మనమనుకున్నచోటికే తీసుకెళ్లదు, ఎవరో నింపినా ఎక్కడికీ వెళ్లమని కాదు. మీ అమ్మాయి విషయంలో అంత కంగారొద్దు అన్నయ్యా.

సీమటపాకాయ్
ఈ తల్లి రాసినాక ఇంక ఎంపీసీ, సీఈసీ కొట్లాట ఎవురు చేస్తారబ్బా.

కుండబద్దలు
నేను.

నిర్వాహకుడు
కొట్లాట మర్యాదగా సాగుతున్నంతసేపు నాకు అభ్యంతరం లేదు. బలపాల ముచ్చట్లు కూడా కొనసాగించండి.

నూజివీడు_బ్యాచ్
మాకు అసలు గడే లేదు. నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టారు కదా, టెన్త్ మార్కుల మీదే తీసుకుంటారు. గవర్నమెంటు స్కూలు, మండలంలో నాది ఫస్టు మార్కు. ఉత్తరం వచ్చింది, ట్రంకుపెట్టె కొన్నారు, బస్సెక్కించారు. పదహారేళ్లకే ఆరేళ్లకు టికెట్టు కొట్టేశారు. మొదటి రోజు ల్యాప్‌టాప్ ఇస్తే రాత్రి పక్కలో పెట్టుకుని పడుకున్నా, ఎవరైనా ఎత్తుకుపోతారని. అప్పటిదాకా మా ఊళ్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఎంచుకునే అవకాశం ఉంటే ఏం ఎంచుకునేవాణ్ణో నాకు తెలీదు. మా ఊళ్లో మిగిలిన గడి పొగాకు ఎండబెట్టే బ్యారన్ పని ఒక్కటే.

ట్రెజరీ_బాబాయ్
చర్చ ఎంతసేపూ ఇంజినీరు, డాక్టరు చుట్టూనే. మావంటి గుమాస్తా జాతి గురించి ఎవరూ రాయరు. మేం బిల్లుల మీద ఆబ్జెక్షన్లు తప్ప ఇంకేం రాయమనుకునేవాళ్లకు ఒక ముక్క. మీరంతా పదేళ్లపాటు రోజూ పొద్దున చెయ్యి చాచి చదివిన ప్రతిజ్ఞ ఉంది చూశారూ, అది రాసింది మా శాఖాయనే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. మరుసటి ఏడాది నుంచే బడుల్లో చదివించడం మొదలైంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి పిల్లాడికీ ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే పెండింగు బిల్లుల కట్ట చేతికిస్తా.

డల్లాస్_దోసె
బాబాయ్, ఇది నిజంగా తెలీదు! పాఠ్యపుస్తకం మొదటి పేజీలో దాన్ని లక్షసార్లు చూసుంటా.

ఓరుగల్లు_పోరడు
"భారతీయులందరు నా సహోదరులు" అన్నప్పుడు ఎనుక లైన్లకెల్లి "ఒక్కలు తప్ప" అననోడు ఎవడన్న ఉన్నడా?

బెంచీ_మూడు
మా బడిలో ఆ మాట గట్టిగా అన్నవాడికి గోడకుర్చీ. వాడే మొన్న మైకు పట్టుకుని "మన గురువులు నేర్పిన క్రమశిక్షణ" అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

సీమటపాకాయ్
మైకులో మాట్లాడేటోళ్లంతా గోడకుర్చీ బ్యాచ్చే. మా ఊర్లో కూడా అంతే.

జిరాక్స్_వారసుడు
రెండ్రోజులుగా ఈ చర్చ చదువుతున్నా, రాయాలా వద్దా అని. ఆ రెండు రూపాయల షాపు లాంటిదే మా నాన్నది. మీ ఊరు కాదు, కానీ అచ్చం అదే. మండలాఫీసు ఎదురు, జిరాక్స్, ఎస్టీడీ, ఫారాలు నింపబడును.

జూన్ వచ్చిందంటే రాత్రి తొమ్మిదిదాకా క్యూ. రోజుకు నలభై, యాభై ఫారాలు. నేను ఫొటోలకు గమ్ము రాసేవాణ్ణి. చాలామంది తండ్రులు వేలిముద్రలే. మా నాన్న వాళ్ల బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడు మీద అద్ది, కాగితం మీద నొక్కి, తర్వాత పాత గుడ్డతో తనే తుడిచేవాడు. ఆయనా టెన్త్ ఇంగ్లీషులో పోయినవాడే. ఆయనకు తెలిసిన గ్రూపులు రెండే, లెక్కలు వస్తే ఎంపీసీ, లేకపోతే సీఈసీ. బైపీసీ అని పిల్లలెవరైనా అడిగితే రాసేవాడు.

పెద్దయ్యాక ఒకసారి కోపంగా అడిగా, అలా ఎలా రాసేశావు నాన్నా, పిల్లల్ని అడగొద్దా అని. "వాళ్లు గ్రూపు చెప్పమని నా దగ్గరికి రాలేదురా. తప్పు రాయొద్దని వచ్చారు" అన్నాడు. ఎంపీసీ అని రాస్తే ఎవరూ వెనక్కొచ్చి తిట్టలేదట. ఒకసారి హెచ్ఈసీ (హిస్టరీ గ్రూపు) అని రాస్తే మాత్రం ఆ పిల్లాడి మేనమామ వచ్చి షాపు ముందు గొడవ చేశాడు. పిల్లాడు అడిగి రాయించుకున్నదే అది.

నా టెన్త్ అయినప్పుడు అన్నీ నింపి, గ్రూపు గడి ఒక్కటి వదిలేసి పెన్ను నా చేతికిచ్చాడు. "ఇది నువ్వు రాసుకో" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరో నన్నడిగారు. చెమట పట్టింది. ఏం రాయాలో తెలీదు. వెనక క్యూలో వాళ్లు చూస్తున్నారు.

ఎంపీసీ అనే రాశా.

లెక్కల_మాస్టారు
...

పలకా_బలపం
మీ నాన్నగారు ఉన్నారా ఇప్పుడు?

జిరాక్స్_వారసుడు
ఉన్నారు మేడం. షాపు మీసేవ అయింది, తమ్ముడు చూస్తున్నాడు. నాన్న ఇప్పటికీ సాయంత్రం వెళ్లి కూర్చుంటారు. అన్నీ ఆన్‌లైనే కాబట్టి పనేమీ లేదు. ఎవరికైనా ఓటీపీ రాకపోతే ధైర్యం చెబుతుంటారు.

డీఎస్సీ_దండయాత్ర
ఓపెన్‌గా చెబుతున్నా, నేను ఇది చదవకూడదు. వచ్చే నెల పరీక్ష. 2025 మెగా డీఎస్సీ, ఏపీలో 16,347 టీచరు పోస్టులు, 2018 తర్వాత మళ్లీ ఇప్పుడే. మధ్యలో బీఈడీ పెట్టుకుని ప్రైవేటు స్కూల్లో తొమ్మిది వేలకు చెప్పా, పెళ్లయింది, బాబు పుట్టాడు, వాడిప్పుడు ఎల్కేజీ. నా గడి ఎవరూ నింపలేదు, మూడో తరగతిలోనే నిండిపోయింది. మా టీచరమ్మ సుద్దముక్క విరిచి చివరి ముక్క నాకిచ్చేది, బోర్డు మీద తేదీ రాయమని. ఆ ముక్క ఇంకా చేతిలోనే ఉన్నట్టుంటుంది. సరే, సైకాలజీ బిట్లు ఉన్నాయి, వెళ్తున్నా. ఎవరూ ట్యాగ్ చెయ్యకండి.

ట్రెజరీ_బాబాయ్
వెళ్లమ్మా వెళ్లు. నీ మొదటి జీతం బిల్లు మీద ఆబ్జెక్షన్ వెయ్యను.

సీమటపాకాయ్
అందరూ గ్రూపు గడి గురించే. సెకండ్ లాంగ్వేజ్ గడి మాటేంది? నాకు సంస్కృతంలో 98 వచ్చింది. ఒక్క ముక్క రాదు.

కుండబద్దలు
99. తెలుగు లిపిలో రాశా. దిద్దినాయనకు నా తెలుగు నచ్చినట్టుంది.

నూజివీడు_బ్యాచ్
మా అన్నయ్య తెలుగు మీద ప్రేమతో తెలుగు తీసుకుని ప్రతిపదార్థాలు రాసి రాసి 74 తెచ్చుకున్నాడు. సంస్కృతం తీసుకున్న పక్కింటివాడు ఎంపీసీ మొత్తం 1000లో వాణ్ణి దాటేశాడు. ఇప్పటికీ మాటల్లేవు.

లెక్కల_మాస్టారు
నేను చెప్పిన సబ్జెక్టులో వందకు వంద రావడానికి పిల్లలు ఏడ్చేవాళ్లు. సంస్కృతం మాస్టారు మాత్రం హాయిగా వక్కపొడి నములుతూ ఉండేవాడు.

బెంచీ_మూడు
అప్‌డేట్. నిన్న సాయంత్రం ఫారం, పెన్ను అమ్మాయికిచ్చా. ముందే చెప్పేశా, ఏమీ తెలీకుండా పెన్ను చేతికిస్తే జిరాక్స్ తమ్ముడిలా చెమట పడుతుందని. మీ పోస్టులన్నీ చదివించా (ఒక్కలు తప్ప జోకు దాచా, అప్పటికే తెలుసట). పలకా_బలపం గారి పోస్టు రెండుసార్లు చదివింది. ఎంఈసీ అంటే ఏంటి నాన్నా అంది. నాకు తెలీదు. ఇద్దరం కూర్చుని చూశాం: లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్.

తర్వాత లోపలికెళ్లి వాళ్లమ్మతో ఏదో మాట్లాడి, వచ్చి రాసేసింది. చూస్తే, నేను వదిలేసిన "ఎం" పక్కనే "ఈసీ" అని ఉంది.

నాకు అనుమానమొచ్చింది. సీఈసీ అన్నావు కదా, నేను ఎం రాశాననా ఇలా రాశావు? కొట్టేసి రాయొచ్చు కదా అన్నా. "లెక్కలు నాకేం కష్టం కాదు నాన్నా, సీఏకి పనికొస్తాయంట" అంది. ఆగి, "కొట్టివేతలుంటే ఫారం తీసుకోరు కదా" అని కూడా అంది.

ఇందులో ఏది మొదటి కారణమో రాత్రంతా ఆలోచించా. మా ఆవిడ లైటు ఆర్పమని తిట్టింది.

కుండబద్దలు
కొత్త ఫారం యాభై రూపాయలుంటుంది. కొనిచ్చి మళ్లీ రాయించు. అదే గ్రూపు రాస్తే నీకు నిద్ర, వేరేది రాస్తే తనకు నిద్ర.

పలకా_బలపం
మొదటిసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

ఆర్గాన్_6జీ
ఎక్స్‌రే తీసి సూసుకోవడం మంచిదే.

బెంచీ_మూడు
కొన్నా. ఇవాళ పొద్దున టేబుల్ మీద పెట్టి ఆఫీసుకొచ్చేశా, పక్కన నిలబడకుండా. ఇప్పుడే ఫొటో పంపింది. ఎంఈసీ.

సీమటపాకాయ్
సెకండ్ లాంగ్వేజ్?

బెంచీ_మూడు
సంస్కృతం.